కదలకుండా ఉన్న ఉడుత

ఆ రోజు పొద్దున మావయ్య వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. అనుమానించవలసింది అక్కడే. వంకలున్న పనులు అతనికి అప్పుడప్పుడూ కలిసొచ్చేవి గానీ, ముందూ వెనకా ఆలోచించి పకడ్బందీగా చేసినవన్నీ కొంప ముంచినవే. అయినా మనిషికి ఆశ చావదు కదా. పళ్లు తోముకుంటూ అద్దంలోకి చూసి, సాయంత్రానికల్లా పని అయిపోతుందని తనకు తనే ధైర్యం చెప్పుకున్నాడు.

కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. అక్క పిల్లలిద్దరూ మావయ్యా మావయ్యా అని పిలవగా పిలవగా వీధి మొత్తానికీ మావయ్య అయిపోయాడు. తనకన్నా వయసులో పెద్దవాళ్లు కూడా అలాగే పిలుస్తారు, అతనూ పలుకుతాడు. ఉద్యోగం ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీయడం. కిటికీ లేని గదిలో నిలబడి, ముక్కూ మొహం తెలియని మనుషులకి, "ఊపిరి గట్టిగా పీల్చండి, బిగబట్టండి, కదలకండి, ఇక వదలండి" అని రోజంతా చెప్పడమే అతని పని. ఇంట్లో ఎవరైనా తుమ్మబోతున్నా ఆ మాటలే అతని నోటికి వచ్చేవి.

అదే ఆసుపత్రిలో, పై అంతస్తులో, అతని అక్క మంచం మీద ఉంది. కడుపులో ఉన్న మూడో బిడ్డ తొందరపడుతోందని డాక్టర్లు ఆమెను మంచం దిగనివ్వడం లేదు. దిగకూడదు, కంగారు పడకూడదు అని రెండే షరతులు పెట్టారు. మొదటిదాన్ని బావ పక్కనే కూర్చుని చూసుకుంటున్నాడు. రెండోది ఎవరి చేతుల్లోనూ లేదు.

అక్క ఇంట్లో నడవ గోడ మీద వరసగా ఫోటోలుంటాయి. ఏటా పెద్ద సెలవుల్లో వీధివాళ్లంతా కలిసి ఈ చివర నుంచి ఆ చివరదాకా రంగురంగుల సీరియల్ బల్బులు కడతారు. సెలవుల ఆఖరి సాయంత్రం అక్క పిల్లల్ని ఆ దీపాల కింద నిలబెట్టి ఒక ఫోటో తీస్తుంది. మర్నాడు దీపాలు దింపేస్తారు, ఫోటో గోడెక్కుతుంది. పోయినేడు మాత్రం అక్కకి ఒళ్లు బాగోలేక కెమెరా తమ్ముడి చేతికిచ్చింది. అతను ఫ్లాష్ వేసి తీశాడు. పిల్లల మొహాలు సున్నం కొట్టినట్టు తెల్లగా పాలిపోయి, కళ్లు ఎర్రగా మెరుస్తూ, వెనక ఒక్క దీపమైనా లేకుండా కటిక చీకటితో ఫోటో వచ్చింది. పిల్లలిద్దరూ ఎవరింట్లోనో దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు ఉన్నారు. అక్క ఒక్క మాట అనలేదు. గోడకి మేకు మాత్రం కొట్టి, ఖాళీగా వదిలేసింది. తిట్టినా బాగుండేదని మావయ్య ఏడాది పొడుగునా అనుకున్నాడు.

ఆ పొద్దున డ్యూటీ ఎక్కేముందు పైకి వెళ్తే అక్క అడిగింది.

"ఒరేయ్, ఇవాళే కదా ఆఖరు?"

"ఇవాళే అక్కా. నువ్వేం దిగులు పెట్టుకోకు. ఈసారి ఫ్లాష్ జోలికి పోను."

"నిద్ర పట్టట్లేదురా నాకు. కళ్లు మూస్తే వాళ్లిద్దరే కనిపిస్తున్నారు. కడుపులో ఇదేమో ఎలా ఉందో ఏమిటో తెలీదు. ఆ ఫోటో ఒక్కటి చేతిలో ఉంటే చూసుకుంటూ పడుకుంటాను. ఎలాగో తంటాలు పడు."

అక్క అంత మెత్తగా అడగడం అతనెప్పుడూ వినలేదు. చిన్నప్పటి నుంచీ అక్క అడిగిన వస్తువు ఏదీ అతను సరిగ్గా తెచ్చి ఇచ్చిన పాపాన పోలేదు. ఇది కూడా చెడగొడితే ఇక అక్క మొహం ఎలా చూడాలో తెలియదనుకుంటూ మెట్లు దిగాడు.

వెలుతురు తక్కువైతే కెమెరా కన్ను ఎక్కువసేపు తెరుచుకుని ఉండాలి. అంతసేపూ ఎదురుగా ఉన్న మనిషి కదలకూడదు. కదిలితే మనిషికి బదులు మరక పడుతుంది. ఇది ఎక్స్‌రే తీసేవాడికి ఎవరూ నేర్పనక్కరలేదు. సూర్యుడు దిగి, చీకటి ఇంకా పూర్తిగా పడకముందు, ఆకాశం నీలంగా ఉండే మునిమాపు వేళలో తీస్తే దీపాలూ పడతాయి, మనుషులూ పడతారని కూడా అతను చదివి తెలుసుకున్నాడు. ఎటొచ్చీ చిక్కంతా ఎదురుగా ఉండబోయే మనుషులతోనే.

పెద్దదాన్ని ఇంట్లో మేడమ్ అంటారు. ఎవరు ఏ తప్పు చేసినా దిద్దుతుంది. చెప్పిన మాట చెప్పినట్టు వింటుంది కాబట్టి దానితో ఇబ్బంది లేదు. రెండోవాడు ఉడుత. వాడు నిద్రలో కూడా ఒక గదిలో పడుకుని ఇంకో గదిలో లేచే రకం. వాడి నీడకి కూడా వాడి వెంట పరిగెత్తలేక ఆయాసం వస్తుందని బావ అంటాడు. అలాంటివాణ్ణి దీపాల కింద కుదురుగా ఎలా కూర్చోబెట్టాలో ఆసుపత్రి గదిలో కూర్చుని ఎంత ఆలోచించినా మావయ్యకి తోచలేదు.

అప్పుడు అతని చూపు బీరువా వెనక పడి ఉన్న పాత ఏప్రాన్ మీద పడింది. చిన్నపిల్లలకి ఎక్స్‌రే తీసేటప్పుడు ఒంటికి అడ్డం కట్టే తొడుగు అది. లోపల సీసం పొర ఉంటుంది. పగుళ్లు పట్టిందని వాడకుండా మూలకి తోశారు. అది కడితే ఎంతటి అల్లరి పిల్లాడైనా ఆ బరువుకి కూర్చున్న చోటే కూర్చుంటాడని మావయ్యకి అనుభవం. ఎవరినీ అడక్కుండా సంచిలో కుక్కుకుని, డ్యూటీ కోటైనా విప్పకుండా ఇంటికి బయల్దేరాడు.

పిల్లలు పొద్దున నుంచీ పక్కింటి టీచరమ్మ దగ్గర ఉన్నారు. ఆవిడ బడిలో పిల్లలకి చదువు చెప్పి, రిటైరైన తర్వాత వీధికి చెప్పడం మొదలుపెట్టింది. ఆ వీధిలో సగం మంది ఒకప్పుడు ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్లే. ఆవిడ మాటకి ఎదురు చెప్పడం ఇంకా ఎవరికీ అలవాటు కాలేదు.

మావయ్య పిల్లల్ని ఇంటికి తీసుకొచ్చి సాధన మొదలుపెట్టాడు.

"ఇదేంటి మావయ్యా?" అన్నాడు ఉడుత, ఏప్రాన్ చుట్టూ తిరుగుతూ.

"కవచం. రాజులు యుద్ధానికి వెళ్లేటప్పుడు తొడుక్కుంటారు."

"నేను రాజునా?"

"నువ్వే. కానీ రాజు కదలకూడదు. మాట్లాడకూడదు. కదిలితే శత్రువులు చూసేస్తారు."

"యుద్ధంలో రాజు కదలకపోతే ఓడిపోతాడు మావయ్యా," అంది మేడమ్.

"ఈ యుద్ధంలో కదిలితేనే ఓడిపోతాడమ్మా. నువ్వు కాసేపు ఊరుకో."

తొడిగాడు. ఉడుత ముక్కాలి పీట మీద కూలబడి, కళ్లు పెద్దవి చేసుకుని, శత్రువుల కోసం ఎదురు చూస్తూ కదలకుండా ఉండిపోయాడు. పుట్టిన దగ్గర్నుంచీ ఆ పిల్లాడిలో అటువంటి నిశ్చలత్వం మావయ్య చూడలేదు. ఇంత బాగా జరుగుతోందంటే ఎక్కడో ఏదో కాచుకుని ఉందని అప్పుడైనా అనిపించాలి. అనిపించలేదు.

కెమెరా నిలబెట్టే స్టాండుకి ఒక కాలు విరిగి ఉంది. అందుకని మావయ్య ఇస్త్రీ బల్లను వాకిట్లోకి లాక్కొచ్చి, దాని మీద కెమెరా పెట్టాడు. ఎదురుగా బెంచీ మీద పిల్లల్ని కూర్చోబెట్టాడు. వాళ్ల నెత్తి మీదుగా దీపాల తోరణం వెళ్తోంది. ఆకాశం మెల్లగా నీలం తిరుగుతోంది. తెర చూద్దామని వంగేసరికి పక్కింటి వరండాలోని పెద్ద తెల్ల లైటు సూటిగా కళ్లలో పడింది. ఉడుత మొహం సగం తెల్లగా, సగం నల్లగా కనిపించింది. ఆ వెలుతురుకి వెనక దీపాలు వెలవెలబోతున్నాయి. మావయ్య లోపలి నుంచి ఒక దుప్పటి తెచ్చి, కెమెరానూ తన తలనూ కలిపి కప్పుకుని లోపల అవస్థ పడసాగాడు.

టీచరమ్మ మొక్కలకి నీళ్లు పోస్తూ గోడ మీదుగా ఇటు చూసింది. ఆవిడకి కనిపించింది ఏమిటంటే, ఆసుపత్రి కోటులో మావయ్య, అతని ముందు పొడుగాటి బల్ల, దాని మీద దుప్పటి, ఎదురుగా ఎక్స్‌రే గదిలో కట్టే ఏప్రాన్‌తో ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్న ఉడుత. ఆవిడ చేతిలో చెంబు ఆగిపోయింది.

"నాయనా, వాడికి అది ఎందుకు కట్టావు?"

మావయ్య దుప్పటిలోంచి తల బయటికి పెట్టాడు. ఆకాశం నీలం ఎంతోసేపు ఉండదు. పెద్దావిడకి జవాబు చెప్పకపోతే బాగుండదు.

"కట్టకపోతే కష్టమండీ టీచరుగారూ."

"ఎప్పటి నుంచి ఇలా?"

"పుట్టినప్పటి నుంచీ ఉన్నదే కదండీ. ఈ మధ్య మరీ ముదిరింది."

"అయ్యో. నా దగ్గర పొద్దున్నించీ బాగానే గెంతాడే."

"మీ దగ్గర అలాగే ఉంటాడండీ. తర్వాత మేం పడాలి."

"ఇవి ఆసుపత్రిలో కదా తీస్తారు? ఇంట్లో తీయొచ్చా?"

"ఆసుపత్రిలో ఎక్కడ కుదురుతుందండీ. ఈ ఒక్క సాయంత్రమే నాకున్నది. రేపటికైతే చెయ్యి దాటిపోతుంది."

టీచరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "వాళ్లమ్మకి తెలుసా?"

సీసపు తొడుగు తన కొడుక్కి కట్టాడని తెలిస్తే అక్క ఏమంటుందో తలుచుకుని మావయ్య గబగబా చేతులు జోడించాడు.

"అక్కకి మాత్రం చెప్పకండి. మీకు దణ్ణం పెడతాను. ఈ పరిస్థితిలో వింటే తట్టుకోలేదు."

"చెప్పను నాయనా. నేను చెయ్యగలిగింది ఏమైనా ఉందా?"

"మీ వరండా లైటు తీసేస్తే అంతే చాలండీ. ఆ వెలుతురు వాడి మీద పడకూడదు."

ఆవిడ తల ఊపి లోపలికి వెళ్లింది. వరండా లైటు ఆరిపోయింది. పెద్దమనిషంటే ఇలా ఉండాలని మావయ్య మనసులో నమస్కారం పెట్టుకున్నాడు.

అతను అక్కడితో మరిచిపోయాడు గానీ, టీచరమ్మ మరిచిపోలేదు. ఒక్క వరండా లైటుతోనే అంత ముప్పు ఉంటే, పిల్లాడి నెత్తి మీద ఇన్నిన్ని దీపాలు వెలుగుతుంటే ఏం కావాలి? అడగడానికి కూడా మొహమాటపడ్డాడు పాపం, వీధివాళ్ల సరదా చెడగొట్టలేక. ఆవిడ చెప్పులేసుకుని వీధిలోకి నడిచింది. దీపాలన్నిటికీ కలిపి ఒకటే స్విచ్చి, మూలింటివాళ్ల గోడకి ఉంది. మూలింటి పెద్దాయన ఒకప్పుడు ఆవిడ దగ్గర ఎక్కాలు అప్పజెప్పినవాడే. దారిలో ఎదురైనవాళ్లకి కూడా, ఇళ్లల్లో లైట్లు తగ్గించమని, గట్టిగా మాట్లాడవద్దని చెప్పింది. తల్లికి చెప్పనని మాట ఇచ్చింది కాబట్టి, తండ్రికి ఫోన్ చేసింది.

ఇక్కడ వాకిట్లో ఆకాశం సరిగ్గా కావలసిన రంగుకి వచ్చింది. మొదటిసారి నొక్కబోతే ఉడుత ముక్కు గోక్కున్నాడు. రెండోసారి మేడమ్, "మావయ్యా, నువ్వు రెడీ అనలేదు," అంది. మూడోసారి మావయ్య గొంతు సవరించుకుని, తన ఉద్యోగపు గొంతు బయటికి తీశాడు.

"ఊపిరి గట్టిగా పీల్చండి. బిగబట్టండి. కదలకండి."

ఇద్దరూ పీల్చారు. ఇద్దరూ బిగబట్టారు. దీపాలు మిలమిలలాడుతున్నాయి, ఆకాశం సిరా ఒలికినట్టుంది, ఉడుత రాతి బొమ్మలా ఉన్నాడు. మావయ్య నొక్కాడు. కెమెరా కన్ను తెరుచుకుంది. మూసుకుందో లేదో, వీధి మొత్తం ఒక్కసారిగా చీకటైపోయింది.

కొంతసేపు అతనికి ఏమీ అర్థం కాలేదు. ఏడాదంతా ఎదురుచూసిన దీపాలు, ఇక రేపు ఉండని దీపాలు, సరిగ్గా అతను నొక్కిన క్షణాన ఆరిపోవాలి. ఇంకొకరికైతే కరెంటు పోయిందంటారు. తనకైతే ఇది కక్ష అనిపించింది. గేటు దగ్గరికి పరిగెత్తి, "దీపాలు ఆర్పిందెవరండీ? కాస్త వెయ్యండి బాబూ," అని కేకలు పెట్టాడు. జవాబు రాలేదు సరికదా, వెలుగుతున్న కిటికీలు కూడా ఒక్కొక్కటే ఆరిపోవడం మొదలైంది.

వెనక నుంచి బుస్సుమని గాలి వదిలిన చప్పుడు రెండుసార్లు వినిపించింది.

"మావయ్యా, నువ్వు వదలండి అనలేదు," అంది మేడమ్, రొప్పుతూ.

ఇంతలో జనం రాసాగారు. టార్చిలైట్లు నేలకేసి పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చారు. ఒకాయన మావయ్య భుజం మీద చెయ్యి వేసి, ధైర్యంగా ఉండమన్నాడు. ఒకావిడ దిండు తెచ్చి ఉడుత వీపు వెనక పెట్టింది. ఎవరో ఇస్త్రీ బల్లను తడిమి చూసి, ఎక్స్‌రే మిషన్లు ఎంత చిన్నవైపోయాయో, ఇప్పుడు ఇంటికే వచ్చేస్తున్నాయని పక్కవాళ్లకి చెప్తున్నారు. వాళ్లందరి మధ్యా ఉడుత కదల్లేదు, మెదల్లేదు. శత్రువులు ఇంతమంది వస్తారని వాడు అనుకోలేదు.

"ఏం జరిగిందండీ? దీపాలెందుకు తీశారు?" అన్నాడు మావయ్య.

"నువ్వు అడక్కపోయినా మాకు తెలియదా," అంది టీచరమ్మ. "పిల్లాడి కన్నా దీపాలు ఎక్కువా?"

అతను నోరు తెరిచేలోపు జేబులో ఫోన్ మోగింది. బావ.

"ఏమోయ్, ఏంటక్కడ? టీచరుగారు ఫోన్ చేసి ధైర్యంగా ఉండమన్నారు. ఎందుకు ఉండాలో చెప్పకుండానే ఏడ్చి పెట్టేశారు. మీ అక్క అంతా విన్నది. లేచి కూర్చుంది. చెప్పులు అడుగుతోంది."

"బావా, చెప్పులు ఇవ్వకు."

"దాచేశాను. వట్టికాళ్లతో వస్తానంటోంది. నర్సు తలుపుకి అడ్డం నిలబడింది. ముందు చెప్పు, పిల్లలు బాగున్నారా?"

"బంగారంలా ఉన్నారు బావా. ఫోటో తీస్తున్నాను, అంతే."

"ఫోటో తీస్తుంటే వీధి అంతా దీపాలార్పి ఏడుస్తారా?"

మావయ్య ఫోన్ పెట్టేశాడు. అక్క మంచం మీంచి లేచిందన్న మాట ఒక్కటే చెవుల్లో గింగురుమంటోంది. కిందికి దిగితే, దిగి ఏదైనా అయితే. ఏం చెయ్యాలో తోచక, ఊరికే కెమెరా చేతిలోకి తీసుకుని, తెర వెలిగించాడు.

ఫోటో ఉంది.

దీపాలు ఆరకముందే కన్ను మూసుకుంది. చిక్కటి నీలం ఆకాశం, దాని మీద ఏ రంగు బల్బు ఆ రంగులో, కింద పిల్లలిద్దరూ వెంట్రుకకి వెంట్రుక లెక్కపెట్టేటంత స్పష్టంగా ఉన్నారు. ఎక్కడా కదల్లేదు. ఎక్కడా అలుక్కుపోలేదు. ఎక్స్‌రే గదిలో ఇన్నేళ్లలో ఇంత శుభ్రమైన అంచులు అతను చూసి ఎరగడు. మావయ్యకి ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఆ తెరనే ఫోన్‌తో ఫోటో తీసి బావకి పంపాడు. ఇక అక్క చూస్తుంది, నవ్వుతుంది, పడుకుంటుంది అనుకున్నాడు.

ఫోన్ మోగింది. ఈసారి అక్క గొంతు.

"తమ్ముడూ."

అక్క అతన్ని ఒరేయ్ అంటుంది, వెధవా అంటుంది. తమ్ముడూ అని పిలిచేది ఇంట్లో ఎవరైనా పోయినప్పుడే.

"వాడికేమైంది?"

"ఏం కాలేదక్కా. చూశావా ఎంత బాగా వచ్చిందో? ఒక్క వెంట్రుక కూడా కదల్లేదు."

"అదేరా నేనూ అడిగేది. వాడు కదలకపోవడమేంటి?"

"అంటే, నేను చెప్తే విన్నాడక్కా."

"నువ్వు చెప్తే విన్నాడా?" అక్క గొంతు ఇంకా కిందికి దిగింది. "నా కొడుకు కదలకుండా ఉన్నది ఇంతవరకు ఒక్కసారే. ఒళ్లు కాలిపోయే జ్వరంతో కళ్లు తెరవకుండా పడుకున్నాడే, అప్పుడు. ఆ గోడ మీద ఒక్క ఫోటోలో వాడి మొహం పడిందేమో చూసుకో. మెడదాకా ఏదో చుట్టి పెట్టావు. బుగ్గలు వాచాయి. కళ్లు తేలేశాడు. పక్కన పెద్దది చూడు, ఏడుపు దిగమింగుకుని ఎలా కూర్చుందో. నిజం చెప్పరా."

మావయ్య అప్పుడు మొదటిసారి ఆ ఫోటోలో మొహాలు చూశాడు. ఎక్స్‌రేలో మొహాలుండవు. అంచులు సరిగ్గా పడ్డాయా, మనిషి కదిలాడా అని చూసి పంపేయడమే అతనికి తెలుసు. ఊపిరి బిగబట్టిన ఉడుత బుగ్గలు రెండూ బూరెల్లా ఉబ్బి ఉన్నాయి. గుడ్లు బయటికొచ్చాయి. మునిమాపు నీలమంతా మొహం మీదే ఉంది. పక్కన మేడమ్ పెదవులు బిగించి, అయినవాళ్లకి ఆఖరి వీడ్కోలు చెప్తున్నట్టు కూర్చుంది.

"ఊపిరి బిగబట్టమన్నానక్కా. అందుకే అలా ఉన్నారు."

"నన్ను కంగారు పెట్టొద్దని డాక్టర్లు నీకు చెప్పారు కదా. అందుకని అబద్ధం చెప్తున్నావు. నేను వచ్చేస్తున్నాను."

"అక్కా, నీకు దణ్ణం పెడతాను, దిగకు. వాడితోనే మాట్లాడు." ఫోన్ తీసుకెళ్లి ఉడుత చెవికి ఆనించాడు. "అమ్మరా. మాట్లాడు నాన్నా."

ఉడుత పెదవి విప్పలేదు. రాజు మాట్లాడకూడదని మావయ్యే చెప్పాడు. మొండితనంలో వాడు తల్లి పోలిక. ఫోన్‌లోంచి అక్క ఏడుపు సన్నగా వినిపించింది. మావయ్యకి కూడా ఏడుపొచ్చింది. నిజం చెప్తే నమ్మదు, అబద్ధం చెప్పడానికి ఏమీ లేదు, ఉన్న ఒక్క సాక్ష్యం తన చేత్తో తనే పంపాడు. అక్కకి గానీ లోపలి బిడ్డకి గానీ ఏమైనా అయితే అది తను తీసిన ఫోటో వల్లే. ఇంత బాగా రాకపోయినా బాగుండేదని అతను అనుకుంటున్నాడు. అలా అనుకుంటుండగానే ఏం చెయ్యాలో తట్టింది.

"టీచరుగారూ, దీపాలు వేయించండి. ఇప్పుడే."

"నీకు మతి పోయిందా నాయనా? డాక్టరు చెప్పందే ఆ స్విచ్చి నేను ముట్టుకోనివ్వను."

ఇక ఆవిడతో వాదన పెట్టుకోలేదు. మోకాళ్ల మీద కూర్చుని, ఏప్రాన్ పట్టీలు లాగి, తొడుగు విప్పేశాడు.

"యుద్ధం అయిపోయింది. నువ్వు గెలిచావు. పో."

అంతసేపు అణచిపెట్టిన కదలిక అంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. ఎర్ర చొక్కాతో ఉడుత బెంచీ మీంచి గెంతి, జనం కాళ్ల మధ్య నుంచి దూరి, దిండు తెచ్చినావిడను ఒక చుట్టు చుట్టి, ఇస్త్రీ బల్లను పడదోసి, గోడెక్కి టీచరమ్మ పూలకుండీ మీదికి దూకాడు. కెమెరాను మావయ్య చేత్తో పట్టుకుని ఉండబట్టి బతికింది. కుండీ బతకలేదు.

టీచరమ్మ చీకట్లో ఆ చప్పుడు విన్నది.

"వీడికి ఏ రోగమూ లేదు," అంది, చాలా కోపంగా. "లైట్లు వెయ్యండర్రా."

మూలింటి పెద్దాయన స్విచ్చి వేశాడు. వీధి మళ్లీ వెలిగింది. ఆకాశంలో నీలం ఎప్పుడో పోయి నల్లగా ఉంది. కెమెరా పెట్టడానికి బల్ల లేదు, బల్ల నేల మీద ఉంది. మావయ్య రొప్పుతూ, దీపాల కింద పరిగెడుతున్న ఉడుత వెంట కెమెరా తిప్పి నొక్కాడు. వచ్చింది చూడకుండానే పంపించేశాడు.

ఫోన్ అవతల పెద్ద నిట్టూర్పు, మంచం కిర్రుమన్న చప్పుడు.

"హమ్మయ్య," అంది అక్క. "వీడు నా కొడుకు."

"పడుకున్నావా అక్కా?"

"పడుకున్నానురా. నర్సు బీపీ చూస్తోంది. బాగానే ఉందిట, లోపలిది కూడా తంతోంది. ఒరేయ్, ఇందాకటి ఫోటో తీసెయ్. మళ్లీ ఎప్పుడైనా కంటపడితే నా గుండె ఆగిపోతుంది."

"అది చాలా బాగా వచ్చిందక్కా."

"తీసెయ్ వెధవా."

వెధవా అన్నందుకు మావయ్యకి ఒళ్లు తేలికైంది. జనం టార్చిలైట్లు పైకెత్తుకుని, ఇంత హడావుడి చేసినందుకు అతన్నే తిట్టుకుంటూ ఇళ్లకి వెళ్లిపోయారు. దిండు కూడా వెనక్కి పట్టుకుపోయారు. అతను అరుగు మీద కూర్చుని కెమెరా తెర వెలిగించాడు. జీవితంలో తను తీసిన ఒకే ఒక్క మంచి ఫోటో. మొహాల సంగతి పక్కన పెడితే ఎంత బాగుంది. మేడమ్ వచ్చి పక్కన కూర్చుని, తనూ చూసి, "ఇందులో మేం చచ్చిపోయినట్టు ఉన్నాం మావయ్యా," అంది. మావయ్య ఆ ఫోటోని చెరిపేశాడు.

మర్నాడు బావ రెండో ఫోటోని పెద్దదిగా వేయించి మంచం పక్కన పెట్టాడు. అక్క రాత్రంతా ఒళ్లు తెలియకుండా నిద్రపోయిందని నర్సు చెప్పింది. రౌండ్లకి వచ్చిన పెద్ద డాక్టరు ఆ ఫోటో చేతిలోకి తీసుకుని కళ్లద్దాలు సవరించుకున్నారు. వంకరగా ఒరిగిపోయిన వీధి, పాముల్లా మెలికలు తిరిగిన దీపాలు, మూలన సగం తెగిపోయిన మేడమ్.

"బాబు కూడా ఉన్నాడన్నారు?"

"ఇదిగో డాక్టరుగారూ," అంది అక్క, ఫోటోకి అడ్డంగా సాగిన ఎర్రటి చారను మురిపెంగా వేలితో చూపిస్తూ. "వీడే."

డాక్టరు ఫోటోని అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. "తీసిన ఆయనకి ఇది కొత్తనుకుంటాను."

"లేదండీ, మా తమ్ముడే. కింద మీ ఎక్స్‌రే గదిలో పని చేస్తాడు."

ఆ వారం నుంచి పెద్ద డాక్టరు తన రోగులను ఎక్స్‌రే కోసం పక్క వీధిలోని ఆసుపత్రికి పంపుతున్నారు.